గుంటలో పోసిన తరవాణి

“ఒసే సూరీ, గుంటలో నువ్వేటైనా ఏసినావేటే?”

“పేడా నీలూ. ఇంకేటీ నేదక్కా.”

మా అక్కకీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆ తరవాత ఆమె ఇరవై ఏళ్ల పైన బతికింది. మా రెండిళ్లకీ గోడ ఒకటే. ఆమె అటు దగ్గితే ఇటు నాకు వినపడేది. నా ఇంట్లో గిన్నె కింద పడితే అటు ఆమెకి తెలిసేది. అయినా మరో మాట లేదు.

అక్క అంటే తోడబుట్టింది కాదు. మా ఆయన అన్నగారి భార్య, నా తోటికోడలు. పేరు అసిరమ్మ. ఇది రాస్తున్న గౌరి ఆమె కొడుకు కూతురు. నాకు సంతకం వరకే చదువు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కునేలోపు బస్సు వెళ్లిపోతుంది. అందుకని నేను చెబుతున్నాను, గౌరి రాస్తోంది.

గౌరికి ఈమధ్యే విజయనగరంలో ఉద్యోగం వచ్చింది. బజారులో కుళ్లిన కూరగాయలు, హోటళ్లలో మిగిలిన ఎంగిలి తెచ్చి గ్యాసు తీసే చోట పని. ఆ కబురు చెప్పడానికి మిఠాయి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నవ్వుతూ ఒక మాట అంది. “మా మామ్మ గ్యాసు గుంటని సంపేసిందట గదా, సిన్న మామ్మా. నాను బతికించి సూపిస్తాను.”

ఆ మిఠాయి పక్కన పెట్టేశాను. ఆ కథ వాళ్లింటికి చేరింది నా నోట్లోంచే. గుంటని చంపింది వాళ్ల మామ్మ కాదు, నేను. ఆ రోజు ఆ ముక్క చెప్పలేకపోయాను. నీ పనికి ఉపయోగపడేవి నాలుగు చెబుతాను, ఆదివారం పుస్తకం తెచ్చుకో అన్నాను. తెచ్చుకుంది. ఇప్పుడు దాని చేతిలో పెన్ను ఆగిపోయింది.

రాయి గౌరీ. తలెత్తకు. నువ్వు తలెత్తితే నేను చెప్పలేను.

గుంటకి మేత

అరవైల ఆఖరు రోజులు. చీపురుపల్లి దగ్గర ఒక ఆడపిల్లల హాస్టలు ఉండేది. ఎవరు నడిపేవారో ఇప్పుడు అనవసరం. పన్నెండు పశువులు, వాటిని కట్టే సాల, వంటిల్లు, వెనక గ్యాసు గుంట. అప్పటికి మా వైపు అలాంటి గుంట చూసినవాళ్లు తక్కువ. ఇటుకలతో కట్టిన బావి, దాని మీద బోర్లించిన పెద్ద ఇనప డ్రమ్ము. లోపల గ్యాసు పుడితే డ్రమ్ము లేస్తుంది, వంటకి వాడితే దిగుతుంది. ఒక పక్క తొట్టిలో పేడా నీళ్లూ కలిపి వదిలితే లోపలికి పోతుంది. రెండో పక్క నుంచి అంతే చెత్త బయటికి వస్తుంది. అది పొలానికి ఎరువు.

మా ఆయన బావి తవ్వుతుంటే మట్టి పెళ్ల విరిగి మీద పడి పోయాడు. అప్పటికి నా కూతురికి ఇంకా పాలపళ్లే. అసిరమ్మక్క ఆ హాస్టల్లో సాల ఊడ్చే పనిలో ముందు నుంచే ఉంది. నన్ను మేనేజరు గారి ముందు నిలబెట్టి, దీనికీ పని ఇవ్వండి బాబూ, మేమిద్దరం కలిసి చేస్తాం అని అడిగింది. అలా చేరాను. ఈ పనిలో నాకు గురువు ఎవరని ఎవరైనా అడిగితే పని చేసిన ముప్ఫై ఏళ్లూ వేరే ఏవో పేర్లు చెప్పాను. గురువు ఆమె.

పేడంతా ఒకటే అనుకుని వెళ్లాను. కాదు. వానలప్పుడు పచ్చగడ్డి తిన్న పశువు పేడ జారుడుగా ఉంటుంది, నీళ్లు తగ్గించాలి. ఎండాకాలం ఎండు గడ్డి తిన్నప్పుడు పేడ గట్టిగా, పీచుగా వస్తుంది, నీళ్లు పెంచాలి. అట్ల పిండి ఎంత జారుతుందో అంత జారాలి. గరిటె అక్కర్లేదు, చెయ్యి ముంచి తీస్తే వేళ్ల సందుల్లోంచి ఎలా దిగుతుందో అదే లెక్క. ఎండిపోయిన పేడ పిడకకి తప్ప గుంటకి పనికిరాదు. గడ్డిపోచలు ఏరకుండా వదిలితే పైకి తేలి తెట్టు కడతాయి, గ్యాసు పైకి రాలేదు. సాల మట్టి గీరి వేస్తే ఇసక అడుగున పేరుకుని ఏడాది తిరిగేసరికి సగం గుంట మట్టిదే అవుతుంది.

ఇవన్నీ ఆమె చెప్పలేదు. చేస్తుంటే చూశాను. కోడి పెంట గుప్పెడు వేస్తే బలం, గంపెడు వేస్తే కళ్లు మండే ఘాటు. గోగునార ఊరబెట్టిన తుక్కు నెలయినా కరగదు. జీడిపళ్ల పిప్పి, మామిడి తొక్కలు తీపిగా కనిపిస్తాయి, గుంటకి మాత్రం పులుపు చేస్తాయి.

హాస్టలు గంజి అంతా పశువుల కుడితి తొట్టిలోకి పోయేది. చేరిన కొత్తలో నేనే అడిగాను, ఆ గంజి గుంటలో పోస్తే బలం కదా అని. అప్పుడు ఆమె పని ఆపి చెప్పింది. వాళ్ల కన్నవారి ఊళ్లో ఒకరి ఆవు పలుపు తెంచుకుని పెళ్లివారి అన్నం రాశి మీద పడి కడుపు నిండా తినేసింది. పొట్ట ఉబ్బి, నెమరు ఆగి, రెండో రోజుకి చచ్చిపోయింది.

“అన్నం సెడ్డదేటే? కాదు. దాని కడుపుకి అలవాటు నేదు. గుంట కూడా ఆవు కడుపే. కొంచెం కొంచెం అలవాటు సేస్తే తింతాది. ఒక్కసారి కుమ్మరిస్తే సస్తాది.”

ఇంతకంటే బాగా ఈ పని గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు. తరవాత చదువుకున్నవాళ్లు చాలామంది బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పారు. సారం అదే. అంటే నేను చేసిన తప్పు తెలియక చేసింది కాదు. తెలిసి, తెలియనట్టు ఉండి చేసింది.

సుద్ద గీతలు

మేనేజరు గారు చెడ్డ మనిషి కాదు. పిల్లలకి వేళకి అన్నం పెట్టించేవారు. మమ్మల్ని తిట్టేవారు కాదు. కానీ పేడలో చెయ్యి పెట్టింది ఎప్పుడూ లేదు. గుంటకి ఏమి ఇచ్చామని అడిగేవారు కాదు, గుంట ఎంత ఇచ్చిందని అడిగేవారు. ఇలాంటి పైవాళ్లు నీకూ దొరుకుతారు గౌరీ. వాళ్లు మంచివాళ్లే అయినా జాగ్రత్తగా ఉండు.

డ్రమ్ము పక్కన ఒక ఇనప గొట్టం నిలబెట్టి ఉండేది. రోజూ పొద్దున్న వంట మొదలవకముందు డ్రమ్ము ఎంత లేచిందో చూసి దాని మీద సుద్దతో గీత పెట్టేవారు. ఒక రోజు అక్క మేత వేస్తే మర్నాడు నేను. ఎవరి రోజుకి వాళ్ల అక్షరం రాసేవారు. ఆమెకి ‘అ’, నాకు ‘సూ’. నేను మొట్టమొదట గుర్తుపట్టిన అక్షరం బళ్లోది కాదు, ఆ గొట్టం మీది ‘సూ’.

ఆ శీతాకాలం డ్రమ్ము లేవడం తగ్గింది. చలికి గుంట మందగిస్తుంది. పైగా పశువులకి పచ్చిక లేదు, అంతా ఎండు గడ్డి. అక్క తొట్టిలో నీళ్లు ఎండలో కాసేపు ఉంచి కలపమంది. కొంచెం నయం, అంతే. వంటావిడ మళ్లీ కట్టెలు అడిగింది. మేనేజరు గారికి అది తలవంపు అయింది. ఒక రోజు మా ఇద్దరినీ పిలిచారు.

“ఒక గుంటకి ఇద్దరు దేనికి? నెలాఖరు దాకా చూస్తాను. ఎవరి గీత పైనుంటే వాళ్లు ఉంటారు.”

ఇప్పుడు తలుచుకుంటే అదెంత తెలివితక్కువ మాటో తెలుస్తోంది. ఇవాళ లేచిన గ్యాసు ఇవాళ వేసిన పేడది కాదు. నెల రోజుల నుంచి ఇద్దరం వేసిన మేత లోపల కలిసి ఉడుకుతుంది. అందులో ఇది నీది, ఇది నాది అని గీత గియ్యలేరు. కానీ ఆ రోజు నాకు అది కనపడలేదు. అక్కకి మొగుడున్నాడు, ఎకరం పొలం చెక్క ఉంది. నాకు ఆ గొట్టం మీది అక్షరం ఒక్కటే ఉంది.

దారిలో ఆమె అంది, “పోతే నాను పోతాన్లేవే. నువ్వు గుండె బాదుకోకు.” నేను ఆ మాట నమ్మలేదు. ఉద్యోగం వదిలేస్తానని అనడం వేరు, వదలడం వేరు అనుకున్నాను.

నా తెలివి

తరవాణి గురించి గౌరికి చెప్పక్కర్లేదు గానీ, దాని తోటివాళ్లకి తెలియకపోవచ్చు. వంటింటి మూల ఒక కుండ పెట్టి, అన్నం వార్చిన గంజి, మిగిలిన అన్నం రోజూ అందులో పోస్తాం. పులుస్తుంది. ఆ పుల్లటి నీళ్లు పొద్దున్నే ఇంత ఉప్పు వేసుకుని తాగి పొలానికి పోతాం. కుండ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యరు. అడుగున పాతది ఉంటేనే కొత్తది పులుస్తుంది. నేను మొగుడు పోయాక వేరు పొయ్యి పెట్టుకున్నప్పుడు అక్క తన కుండలోంచి ఒక చెంబుడు తెచ్చి నా కొత్త కుండలో పోసింది. అంటే నా తరవాణి ఆమె తరవాణే. ఆమె కుండలో వాము ఆకు వేసేది, నేనూ అలాగే వేసేదాన్ని. ఆ వాసన మా రెండిళ్లలో తప్ప ఉండేది కాదు.

నా బుర్రలో ఏం పుట్టిందంటే, గుంట కూడా తరవాణి కుండే కదా అని. రోజూ కొంచెం పోస్తాం, అడుగున పాతది ఉంటుంది, బుడగలు వస్తాయి. కుండకి పులుపే బలం. మరి గుంటకి ఎందుకు కాదు? ఆవు కడుపు మాట గుర్తుంది. కానీ నాకు తరవాణి మాటే కావలసి వచ్చింది.

ఒక ముంతలో తరవాణి కొంగు కింద పెట్టుకుని తీసుకెళ్లి నా రోజున మేతలో కలిపేశాను. మర్నాడు నా గీత రెండు వేళ్లు పైకి లేచింది. ఇంకో రోజు ఇంకో ముంత. తరవాత కుడితికి పోయే గంజిలోంచి ఒక బిందె గుంటకి మళ్లించాను. గీత ఇంకా పైకి. ఇది నిజం, గౌరీ, దాచను. కొంచెం వేస్తే మంచే జరిగింది. గంజి తొందరగా అరుగుతుంది, తొందరగా గ్యాసు ఇస్తుంది. అదే నన్ను ముంచింది. మొదటి రోజే చెడి ఉంటే భయపడి మానేసేదాన్ని.

మేనేజరు గారు వంటావిడ ముందు, టీచర్ల ముందు, సూరమ్మ చేతి చలవ అన్నారు. అప్పటిదాకా నేను ఎదురొస్తే పొలానికి బయల్దేరినవాళ్లు ఆగి వెనక్కి తిరిగేవారు. అలాంటి నన్ను చూసి చేతి చలవ అన్నారు. ఆ మాటకి నేను పొంగిపోయాను. పని పోతుందన్న భయం సగం, ఆ పొంగు సగం. భయం ఒక్కటే అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను.

అక్కకి అసూయ లేదు. “నీ సెయ్యి మంచిదేనే. నా గీత సూడు, ముసిలి ఎద్దులాగ కూలబడిపోతన్నాది” అని నవ్వింది. తరవాత తొట్టి దగ్గర నిలబడి, కుడితి పల్చగా ఉందేమిటని అడిగింది. పిల్లలు గంజి తాగేస్తున్నారట అన్నాను. పశువు నోటి దగ్గర కూడు లాక్కుని ఆ అబద్ధం చెప్పాను. ఆమె మరి అడగలేదు.

నెలాఖరుకి హాస్టల్లో సంబరం చేశారు. మర్నాడు గుంట చూడటానికి పెద్దలు వస్తున్నారు. ఆ సాయంత్రం రెండు అండాల అన్నం మిగిలింది. పులిహోర, పాయసం కూడా. అక్క సాలలో ఉంది. వచ్చేవాళ్లకి వాసన రాకూడదని మేనేజరు గారు సాలంతా ఫినాయిలుతో కడగమన్నారు. ఆమె కడుగుతోంది. నేను ఇటు పక్క ఒక్కదాన్నే. రెండు అండాలూ మెదిపి నీళ్లు కలిపి తొట్టిలోంచి వదిలేశాను. అదీ చాలదని ఇంటికి వెళ్లి నా తరవాణి కుండ ఎత్తుకొచ్చి అడుగు దాకా వంపేశాను. రేపు నా అక్షరం అందరికన్నా పైన ఉంటుంది అనుకున్నాను.

వెలగని అగ్గిపుల్ల

తెల్లారేసరికి డ్రమ్ము ఎన్నడూ లేవనంత లేచింది. ఒక పక్కకి ఒరిగిపోయింది కూడా. మేనేజరు గారు గీత పెట్టడానికి చెయ్యెత్తాల్సి వచ్చింది. పెద్దలు వచ్చారు, చూశారు, వంటింట్లోకి వెళ్లారు. వంటావిడ మర తిప్పి అగ్గిపుల్ల గీసి పెట్టింది. ఆరిపోయింది. మరోటి గీసింది. అదీ ఆరింది. గ్యాసు వస్తున్న చప్పుడు వినిపిస్తోంది, మండదు. వచ్చినవాళ్లలో ఒకాయన ముసిముసిగా నవ్వి, మీ గుంట నోటితో ఊదుతోందండీ అన్నాడు. అగ్గిపెట్టె అయిపోయింది. ఆ పూట కట్టెల మీదే వంట.

డ్రమ్ము అంతెత్తు లేచినా మండని గాలి లేచింది. ఇది నీకు ముఖ్యం గౌరీ. డ్రమ్ము ఎత్తు చూసి మురవకు, మంట చూడు. నీలంగా, నిలకడగా ఉంటే గుంట ఆరోగ్యం. మంట ఎగిరిపోతుంటే, ఆరిపోతుంటే మేత ఆపెయ్యి. ఆ మాట చెప్పడానికి నీ దగ్గర మీటర్లున్నాయట. ఉన్నా సరే మంట చూడు.

తరవాత నాలుగు రోజులకి డ్రమ్ము దిగిపోయి కూర్చుంది. ఇంక లేవలేదు. బయటి తొట్టిలోకి నురగ వచ్చింది, పులిసిన వాసన. మేనేజరు గారు మమ్మల్నిద్దరినీ గుంట దగ్గరికి పిలిచి కొత్తగా ఏం జరిగిందని అడిగారు. ఆయనే జవాబు కూడా చెప్పుకున్నారు. ఫినాయిలు. సాల కడిగిన నీళ్లు గుంటలోకి పోయి ఉంటాయి.

“కాలవ అటు తిప్పినాను బాబూ. ఒక్క సుక్క పోనివ్వలేదు” అంది అక్క.

“పడి ఉంటుంది. చూసుకోలేదు నువ్వు.”

ఆమె బయటి తొట్టి దగ్గర గొంతుక్కూర్చుంది. నురగలో వేలు ముంచింది. వాసన చూసింది. మళ్లీ చూసింది. తరవాత తలెత్తి మేనేజరు గారిని కాదు, నన్ను చూసింది. ఆమె చేత్తో పోసిన తరవాణి అది. వాము ఆకు వాసన ఆమెకి తెలియకుండా ఉంటుందా?

నేను కదలలేదు. నా కాళ్ల దగ్గర పేడ గంప ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

ఆమె లేచింది. “పడే ఉంతాది బాబూ” అంది.

అంతే. ఆ రోజుతో ఆమె పని పోయింది. గేటు దాకా నేను వెనకే వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. గేటు దగ్గర ఆగి, ఎవరూ వినకుండా, నెమ్మదిగా అడిగింది. ఏమి అడిగిందో, నేనేమి చెప్పానో మొదటే రాయించాను. నా జవాబు విని ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. చేతులకి అంటింది ఏమీ లేదు. అయినా తుడుచుకుని వెళ్లిపోయింది.

నన్ను ఇరికించడానికి అడిగిందా? కాదు. అప్పటికే తప్పు తన మీద వేసుకుంది. నిజం తెలుసుకోవడానికా? తెలుసు. నా నోటితో ఒక్కసారి వినాలని అడిగింది. అది ఇవ్వడానికి నాకు ఏ ఖర్చూ లేదు. నా పని పోయేది కాదు, ఆమె ఎవరికీ చెప్పేది కాదు. అయినా ఇవ్వలేదు.

నేను నేర్పిన అబద్ధం

గుంట బాగు చెయ్యడానికి ఒక గ్యాసు మేస్త్రి వచ్చాడు. లోపలి చెత్తలో రంగు కాయితం ముంచాడు, ఎర్రగా మారింది. సగం తోడించి పారబోయించాడు. పదిహేను రోజులు మేత బంద్ చేశాడు. కొంచెం సున్నపు తేట వేయించి, ఇంకో ఊళ్లో బాగా నడుస్తున్న గుంటలోంచి డబ్బాల కొద్దీ పాత చెత్త తెప్పించి పోశాడు. తరవాణికి తోడు వేసినట్టే. మేనేజరు గారు లేనప్పుడు నన్ను అడిగాడు, ఏం వేశారమ్మా అని. ఫినాయిలు అన్నాను. “ఫినాయిలుకి ఇంత పులుపు రాదమ్మా” అన్నాడు. నా మొహం చూశాడు. ఇంక ఏమీ అడగకుండా పనిలో పడ్డాడు. చెప్పడానికి దొరికిన రెండో అవకాశం అది.

గుంట బతికింది. నేను ఒక్కదాన్నే మిగిలాను. మంచి పేరు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో గుంటలు కట్టినప్పుడు ఆడవాళ్లని నా దగ్గరికి పంపేవారు. మేత ఎలా కలపాలో చూపించేదాన్ని. గుంట ఆవు కడుపమ్మా అని చెబితే ఎంత బాగా చెప్పావని మెచ్చుకునేవారు. ఆ మాట నాది కాదని ఎప్పుడూ చెప్పలేదు.

ఇంకా ఘోరం ఉంది. ఏది వెయ్యకూడదో చెప్పేటప్పుడు ఒక కథ చెప్పేదాన్ని. మా అసిరమ్మని ఒకావిడ ఉండేది, ఫినాయిలు వేసి గుంటని చంపేసింది అని. పేరు పెట్టి చెప్పేదాన్ని. నవ్వేవారు. నవ్వితే గుర్తుంటుందని చెప్పేదాన్ని. ఆ కథ ఊళ్లు తిరిగి మా వీధికే వచ్చింది.

ఇక్కడ గౌరి రాయడం ఆపి నాతో అంది. “మా నాన్నని ఇస్కూల్లో ఫినాయిలని పిలిసేవోరంట. ఎందుకో మామ్మ ఎప్పుడూ సెప్పలేదంట.” మళ్లీ అడిగింది. “ఇదీ రాయమంటావేటి, సిన్న మామ్మా?”

రాయమన్నాను. రాసింది.

అబద్ధం పరువు మాత్రమే తీస్తుందనుకుంటే పొరపాటు. మా పనిలో అది గుంటల్ని కూడా చంపుతుంది. బొబ్బిలి వైపు ఒక బియ్యం మిల్లు వాళ్లింట్లో గుంట చెడిందని నన్ను తీసుకెళ్లారు. చూడగానే తెలిసింది, అదే నురగ, అదే వాసన. నూకలు, తవుడు, పాడైన బియ్యం దండిగా ఉన్నాయి కదా అని పోసేశారు. మేత వేసేది ఆ ఇంటి కొత్త కోడలు. నా దగ్గర నేర్చుకున్న పిల్లే.

“మీరు సెప్పినట్టే సేసినానమ్మా. ఫినాయిలు సుక్క కూడా ఎయ్యలేదు” అంది.

ఆ పిల్ల అడుగుపెట్టిన వేళ మంచిది కాదని వాళ్లత్త వీధంతా చెబుతోంది. గంజి గుట్టు నేను దాచకపోయి ఉంటే ఆ పిల్లకి ఆ మాట వచ్చేది కాదు. బియ్యం ఆపండి, మేస్త్రి నాకు చూపించినట్టు చెయ్యండి అని చెప్పాను. తప్పు మేతది, పిల్లది కాదు అని వాళ్లత్తకి కూడా చెప్పాను. అంతవరకు చేశాను. మీకెలా తెలిసిందమ్మా అని ఆ పిల్ల అడిగితే మాత్రం, అనుభవం అన్నాను. మర్యాద చేసి భోజనం పెట్టారు. తిన్నాను.

గౌరికి

మీ ప్లాంటుకి హోటళ్ల నుంచి వచ్చేది చాలావరకు అన్నమే. కాబట్టి ఇది నీకు రాసినదే. అన్నం చెడ్డది కాదు. పేడతో కలిపి, కొంచెం కొంచెం అలవాటు చెయ్యి. పెళ్లిళ్ల రోజుల్లో లారీ నిండా వస్తుంది, వచ్చింది కదా అని వెయ్యకు, పక్కన పెట్టు. నిన్న ఏం వేశారో వేసినవాళ్ల నోటితో విను. విన్నప్పుడు కోప్పడకు. పని పోతుందని భయం ఉన్నవాళ్లు నిజం చెప్పరు, నాకు తెలుసు. ఇద్దరి మధ్య గీతలు పెట్టి పోటీ పెట్టే పైవాడు ఉంటే ఆ సుద్దముక్క లాక్కో.

నువ్వు తప్పు చేస్తే ఆ రోజే చెప్పు. మర్నాటికి అది రెండింతలు బరువవుతుంది. నాది ఎంతయిందో లెక్క కట్టలేను.

మీ మామ్మ మంచాన పడ్డప్పుడు ఒక సాయంత్రం వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. గడప దాకా వెళ్లాను. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను చూసింది. మొహం తిప్పుకోలేదు. మీ అమ్మ అక్కడే ఉంది. జ్వరం తగ్గిందా అని మీ అమ్మని అడిగి వచ్చేశాను. ఆ వారంలోనే పోయింది.

ఆ రోజు తరవాణి కుండ అడుగు దాకా వంపేశాను కదా, మళ్లీ తోడు కావాలంటే గోడ అవతల అడగాలి. అడగలేదు. మా ఇంట్లో ఈ రోజు వరకూ తరవాణి లేదు. ఎందుకు లేదని నా కూతురు అడిగితే పడదన్నాను.

నిన్ను క్షమించమని అడగడం లేదు గౌరీ. అది నువ్వు ఇచ్చేది కాదు. మీ నాన్నకి ఇది చదివి వినిపించు. మీ ప్లాంటులో కొత్తగా చేరేవాళ్లకి కూడా. అసిరమ్మ పేరు, నా పేరు అలాగే ఉంచు.

ముందు నాకు వినిపించు. మొదటి నుంచి చదువు. మీ మామ్మ అడిగిన మాట నెమ్మదిగా చదివి, ఆగు. కింద ఉన్న నా జవాబు నువ్వు చదవకు. ఈసారి అది నేను చెబుతాను.